హెడ్స్-అప్ రివర్‌లో మధ్యరకం హ్యాండ్: బెట్టా, చెక్కా, కాలా?

#1 · కళావరు_ఏడు

ఒక హ్యాండ్ పెడుతున్నాను. చివరికి ఎవరు గెలిచారో రాయను, అది తెలిస్తే అందరి బుర్రా అటే పోతుంది.

ఇద్దరే ఆట (హెడ్స్-అప్). పోకర్‌లో నో లిమిట్ హోల్డెమ్ (చేతిలో రెండేసి ముక్కలు, బల్ల మీద ఇద్దరికీ కలిపి ఐదు, బెట్‌కి హద్దు లేదు), ఉత్తుత్తి చిప్స్. బ్లైండ్లు (ముక్కలు చూడకముందే కట్టాల్సినవి) 50/100, ఇద్దరి దగ్గరా 10,000.

ప్రీఫ్లాప్ (బల్ల మీద ముక్కలు రాకముందు): బటన్ (అవతలివాడు) 250కి పెంచాడు. బిగ్ బ్లైండ్‌లో (100 కట్టిన చోట) నేను: కళావరు రాజు, కళావరు 7. కాల్ (అతనంతే వేశాను). పాట్ (మధ్యలో చేరిన మొత్తం) 500.
ఫ్లాప్ (మొదటి మూడు ముక్కలు): ఆఠీన్ రాజు, ఇస్పేటు 9, కళావరు 4. చెక్ (ఏమీ వేయకుండా వంతు దాటవేశాను). అవతల 165. కాల్. పాట్ 830.
టర్న్ (నాలుగోది): డైమండ్ 6. చెక్. అవతల 620. కాల్. పాట్ 2,070.
రివర్ (చివరిది): ఆఠీన్ 2. చెక్. అవతల 1,550.

రెండు సందేహాలు. రివర్‌లో చెక్ చేయకుండా మనమే ఓ 700 పెట్టేస్తే పోయేదా? అది అయిపోయింది సరే, ఇప్పుడు 1,550కి కాల్ చేయాలా, ముక్కలు పారేయాలా? లెక్క ఇలా వేశాను: పాట్ 2,070, బెట్ 1,550, కలిపితే 3,620. 1,550ని 3,620తో భాగిస్తే 43 శాతం. అంటే నూటికి 43 సార్లు మన హ్యాండే పైన ఉండాలి. అంత ఉండదనే అనిపిస్తోంది.

#2 · రివర్_రాజు

రాజుల జత చేతిలో పెట్టుకుని పారేయడమేంటి గురూ. ఇది తొమ్మిది మంది కూర్చునే బల్ల కాదు, హెడ్స్-అప్. కళ్ళు మూసుకుని కాల్.

#3 · లెక్కల_సీత

ముందు ఆ భాగహారం సరిచేద్దాం, ఎందుకంటే ఈ తప్పు చాలామంది చేస్తారు. కాల్ చేసేవాళ్ళు తాము వేయబోయే 1,550ని కూడా పాట్‌లో కలపాలి. 2,070 + 1,550 + 1,550 = 5,170. 1,550ని 5,170తో భాగిస్తే 30 శాతం. కాల్‌కి కావలసింది అంతే.

మరి మీకు వచ్చిన 43 ఏమిటి? అదీ పనికొచ్చే అంకే, కాకపోతే మీది కాదు, అవతలివాడిది. చేతిలో ఏమీ లేకుండా 1,550 పెట్టినవాడికి మీరు నూటికి 43 సార్లు పారేస్తే నష్టం లేదు, అంతకంటే ఎక్కువసార్లు పారేస్తే లాభం. ఒకే బెట్, రెండు వైపుల నుంచి రెండు అంకెలు.

తరచూ వచ్చే సైజులకి కాగితం మీద రాసి పెట్టుకోండి. మొదటిది కాల్‌కి కావలసిన గెలుపు శాతం, రెండోది బ్లఫ్ (ఉత్త చేతితో బెట్) చేసేవాడికి కావలసిన ఫోల్డ్ (ఎదుటివాడు పారేసే) శాతం:

పాట్‌లో మూడో వంతు: 20, 25
సగం: 25, 33
ముప్పావు: 30, 43
పాట్ అంత: 33, 50
పాట్‌కి రెండింతలు: 40, 67

#4 · కొత్త_ముక్క

నాకు మూడు ముక్కలాట బాగా వచ్చు, ఇది కొత్త. అసలు చెక్ అనేదే అర్థం కావట్లేదు. మన ఆటలో వంతు వస్తే చాల్ (పందెం) వేయాలి, లేదా ప్యాక్ (పారేయడం). ఇద్దరే మిగిలితే డబ్బు కట్టి షో అడగొచ్చు. ఊరికే కూర్చోవడం లేదు కదా. చెక్ చేస్తే నా దగ్గర ఏమీ లేదని చెప్పేసినట్టు కాదా?

#5 · బటన్_బాబాయ్

మంచి చోట పట్టుకున్నావు అబ్బాయ్. మూడు ముక్కలాట నుంచి వచ్చినవాళ్ళందరికీ చెక్ అంటే చేతులెత్తేయడంలా కనిపిస్తుంది. అక్కడ ఊరికే దాటవేసే వీలు లేదు గనక, వేయగలిగితే వేయడమే అలవాటవుతుంది.

హోల్డెమ్‌లో ఇద్దరే ఉంటే స్మాల్ బ్లైండ్ కట్టేది బటన్ మీదున్నవాడే. ఫ్లాప్‌కి ముందు మొదట మాట్లాడేది అతనే, ఫ్లాప్ తర్వాత చివర మాట్లాడేదీ అతనే. బిగ్ బ్లైండ్‌కి ఫ్లాప్, టర్న్, రివర్ మూడింటా మొదటి వంతు. అవతలివాడి మనసులో ఏముందో తెలియకుండా మొదట నోరు విప్పాలి. అందుకే ఫ్లాప్‌కి ముందు కాల్ చేసి వచ్చిన బిగ్ బ్లైండ్ మంచి హ్యాండ్‌తోనూ చెక్ చేస్తాడు, చెడ్డదాంతోనూ చేస్తాడు. అందరూ కలిసి నిలబడ్డ గుంపులో ఎవరు బలవంతులో బయటికి తెలియదు. మంచి హ్యాండ్ వచ్చినప్పుడల్లా బెట్, లేనప్పుడు చెక్ అని నడిపితే మాత్రం నువ్వన్నది నిజమే, చెక్ అనగానే దొరికిపోతావు.

నీ షోకి ఇక్కడ దగ్గరి చుట్టం రివర్‌లో కాల్. డబ్బు కట్టావు, ముక్కలు తిరగబడ్డాయి, ఆట అయిపోయింది.

#6 · చింతపిక్కలు

కళావరు గారి మొదటి ప్రశ్నకి (మనమే 700 పెట్టడం) మూడే ముక్కల ఆటతో జవాబు చెప్పొచ్చు. గణితజ్ఞుడు హెరాల్డ్ కూన్ 1950లో కట్టిన ఆట ఇది. ముక్కలు మూడు: రాజు, రాణి, జాకీ. ఇద్దరికీ చెరొకటి. ఇద్దరూ ముందే చెరొక చింతపిక్క మధ్యలో వేస్తారు. తర్వాత ఒక్కటే బెట్, ఒక చింతపిక్క. మొదటివాడు చెక్ చేయొచ్చు, బెట్ చేయొచ్చు. చెక్ చేస్తే రెండోవాడికి అవే రెండు దారులు. బెట్ వస్తే కాల్ లేదా ఫోల్డ్. రైజ్ (బెట్ మీద ఇంకా పెంచడం) లేదు.

మొదటివాడి చేతిలో రాణి ఉందనుకోండి. మధ్యరకం ముక్క, సరిగ్గా మన రాజు-7 లాంటిది. బెట్ చేస్తే ఏమవుతుంది? రాజు ఉన్నవాడు తప్పకుండా కాల్ చేస్తాడు, మనకి 2 పోతాయి. జాకీ ఉన్నవాడు తప్పకుండా పారేస్తాడు, మనకి 1 వస్తుంది. రెండూ సగం సగం, సగటున అర పిక్క నష్టం.

చెక్ చేస్తే? అవతలివాడు రాజుతో ఎప్పుడూ బెట్ చేస్తాడు, జాకీతో మూడింట ఒకసారి బ్లఫ్ చేస్తాడు (సరిగ్గా ఆడేవాడైతే ఇదే అతని పద్ధతి). మనం కాల్ చేస్తూ పోతే: రాజు ఎదురైతే −2, జాకీ ఎదురైతే మూడింట ఒకసారి +2, రెండుసార్లు +1. సగటు −1/3. ఎప్పుడూ పారేస్తూ పోయినా సగటు −1/3 వస్తుంది, వేసి చూసుకోండి. రెండూ ఒకటే, కానీ రెండూ బెట్ కంటే 1/6 పిక్క నయం.

కారణం అంకెల్లోనే ఉంది. రాణితో బెట్ చేస్తే పైముక్క పోదు, కిందిముక్క నిలవదు. చెక్ చేస్తేనే జాకీకి అబద్ధం ఆడే అవకాశం వస్తుంది. రాజు-7తో 700 పెట్టినా ఇదే జరుగుతుంది. టర్న్‌లో 620 పెట్టి వచ్చినవాడి దగ్గర ఎక్కువగా రాజుల్లాంటి గట్టి హ్యాండ్లు, జాకీల్లాంటి ఉత్త హ్యాండ్లే ఉంటాయి. రాణుల్లాంటి మధ్యరకాలు టర్న్‌లోనే చెక్ చేసి ఆగిపోయి ఉంటాయి.

#7 · రివర్_రాజు

చింతపిక్కల లెక్క బాగుంది మాస్టారూ. అయినా బ్లఫ్ మూడింట ఒకసారే ఎందుకు? కాల్ ఎన్నిసార్లు?

#8 · చింతపిక్కలు

పాట్ 2, బెట్ 1. అంటే సగం పాట్ బెట్. సీత గారి పట్టీలో సగానికి ఎదురుగా 25 ఉంది చూడండి. బెట్లలో నాలుగింట ఒకటి బ్లఫ్ అయితే కాల్ చేసినా పారేసినా ఒకటే. మూడు రాజులకి ఒక జాకీ. రాజుతో ఎప్పుడూ బెట్ చేస్తాడు గనక జాకీతో మూడో వంతు.

కాల్ సంగతి. మొదటివాడు జాకీతో బెట్ చేశాడు, రెండోవాడి దగ్గర రాణి ఉంది. ఎప్పుడూ పారేస్తే జాకీకి పండగ. ఎప్పుడూ కాల్ చేస్తే మొదటివాడు ఇక జాకీతో బ్లఫ్ మానేసి రాజుతోనే బెట్ చేస్తాడు. మధ్యలో నిలిచే చోటు మూడింట ఒకసారి కాల్. అక్కడ జాకీకి బెట్ చేసినా, చెక్ చేసి పారేసినా −1 వస్తుంది.

తమాషా ఏమిటంటే, ఈ ఆటలో మొదటివాడు జాకీతో 0 నుంచి 1/3 దాకా ఎంతైనా బ్లఫ్ చేయొచ్చు. దానికి మూడు రెట్లు రాజుతో బెట్, దానికి 1/3 కలిపితే రాణితో కాల్. అసలు బెట్టే చేయకుండా అన్నీ చెక్ చేస్తూ కూర్చున్నా అతనికి వచ్చే ఫలితం మారదు: సగటున ఆటకి పద్దెనిమిదో వంతు పిక్క నష్టం. మొదట మాట్లాడటానికి కట్టే కప్పం అది. బాబాయ్ చెప్పిన మాటకి అంకె కావాలంటే ఇదే.

#9 · బటన్_బాబాయ్

అసలు హోల్డెమ్‌కీ అలాంటి అంకె ఉంది మాస్టారూ. 2015 జనవరిలో ఆల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇద్దరి లిమిట్ హోల్డెమ్‌ని దాదాపు పూర్తిగా విప్పేశారు. ఆ ప్రోగ్రాం పేరు సెఫియస్. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే బటన్‌కి హ్యాండ్‌కి బిగ్ బ్లైండ్‌లో వెయ్యింట 87.7 నుంచి 89.7 వంతుల దాకా లాభం అని తేలింది. బిగ్ బ్లైండ్ 100 అయితే హ్యాండ్‌కి దాదాపు 9 చిప్స్. బెట్ సైజు కట్టేసిన ఆటలోనే అంత.

#10 · లెక్కల_సీత

ఇక అసలు హ్యాండ్. కాల్‌కి 30 శాతం కావాలి. మన రాజు-7 వాల్యూ బెట్లలో (మంచి హ్యాండ్‌తో కాల్ కోరి పెట్టేవి) దేన్నీ కొట్టదు, బ్లఫ్‌లన్నిటినీ కొడుతుంది. కాబట్టి చూడాల్సింది ఒక్కటే, ఆ 1,550 వెనక ఎన్ని నిజాలు, ఎన్ని అబద్ధాలు. ముక్కలు లెక్కపెడదాం. బల్ల మీద ఒక రాజు, మన చేతిలో ఒక రాజు, మిగిలినవి రెండే.

ఆసు-రాజు: 4 × 2 = 8
రాజు-రాణి: 8
రెండు ఆసులు: 6
సెట్లు (ఒకే అంకె మూడు): రాజులు 1, తొమ్మిదులు 3, ఆర్లు 3, నాలుగులు 3, మొత్తం 10
రాజు-9: 6
రాజు-6: 6
రాజు-4: 6

నిజాలు 50.

టర్న్ దాకా ఏదో ఆశతో బెట్ చేసి రివర్‌లో ఏమీ తగలనివి:

రాణి-జాకీ 16, రాణి-10 16, జాకీ-10 16. టర్న్‌లో 6 వచ్చాక రెండు వైపులా స్ట్రెయిట్‌కి (వరుసగా ఐదు ముక్కలు) తెరుచుకున్న 8-7: మన చేతిలో ఒక 7 ఉంది గనక 12. అలాగే 7-5: 12.

తప్పినవి 72.

30 శాతం అంటే నిజం 7కి అబద్ధం 3. 50 నిజాలకి 21.4. అంటే ఈ 72లో 22 దాకా బ్లఫ్ చేసేవాడైతే కాల్ చేసినా పారేసినా దాదాపు ఒకటే. తప్పిన ప్రతిదాన్నీ బ్లఫ్‌గా వాడేవాడైతే మీరు 122లో 72 సార్లు గెలుస్తారు, 59 శాతం, కాల్ చేసిన ప్రతిసారీ సగటున 1,500 లాభం. పదింటితో మాత్రమే బ్లఫ్ చేసేవాడైతే సగటున 690 దాకా నష్టం.

గమనించారా, కూన్ ఆటలో రాజు, జాకీ సమానం. ఇక్కడ జాకీలే ఎక్కువ. సరిగ్గా ఆడేవాడు ఆ 72లో చాలావాటిని చెక్ చేసి వదిలేయాలి. వదలలేనివాడి మీదే కాల్ డబ్బు చేస్తుంది.

#11 · రివర్_రాజు

చూశారా, నేను చెప్పిందే. 72కి 50. కాల్.

#12 · సాల్వర్_శీను

తొందరపడకు అన్నా. సీత గారూ, పద్ధతి సరే, పట్టీలో కొన్ని జారాయి.

ఒకటి, 5-3. బల్ల మీద 6, 4, 2 ఉన్నాయి. 5-3 ఉన్నవాడికి రివర్‌లో స్ట్రెయిట్ కుదిరింది. టర్న్‌లో రెండు వైపులా తెరుచుకున్న డ్రా (ఇంకో ముక్క కోసం చూసే హ్యాండ్) కాబట్టి 620 పెట్టే ఉంటాడు. ఒకే రంగువి మాత్రమే తీసుకుందాం, 4.

రెండు, చిన్న టూ పెయిర్లు (రెండేసి జతలు). హెడ్స్-అప్‌లో బటన్ సగానికి పైగా ముక్కలతో వస్తాడు. 9-6 రంగు కలవకపోయినా ఆడతాడు: 3 × 3 = 9. ఒకే రంగు 9-4: 2. ఒకే రంగు 6-4: 2.

మూడు, రాజు-జాకీ 8, రాజు-10 8. మీరు ఇవి రివర్‌లో చెక్ చేస్తాయనుకున్నారు. ఫ్లష్ (ఒకే రంగు ఐదు) లేని ఇలాంటి బల్ల మీద, రాజుతో వదలని ప్రత్యర్థి మీద, ఇవి కూడా వాల్యూ బెట్లే.

50 + 4 + 9 + 2 + 2 + 8 + 8 = 83.

83 నిజాలకి కావలసిన అబద్ధాలు 35.6. 72లో 36, సరిగ్గా సగం. మీ లెక్కలో పది తప్పిన హ్యాండ్లలో మూడింటితో బ్లఫ్ చేసేవాడి మీద కాల్ సరిపోయింది. ఇప్పుడు అయిదు కావాలి. అలాంటి 22 బ్లఫ్‌ల ఆసామి మీద మన గెలుపు 105లో 22, అంటే 21 శాతం, కాల్‌కి దాదాపు 470 నష్టం. నిజాల పట్టీలో ఓ ముప్ఫై మరిచిపోతే సమానంగా ఉన్న కాల్ అంత లోతుకి దిగుతుంది.

జనం తప్పేది ఎప్పుడూ ఇటువైపే అనిపిస్తుంది నాకు. తప్పిన డ్రాలు కళ్ళ ముందు మెరుస్తాయి. 9-6 ఎవరికీ గుర్తుకు రాదు.

#13 · లెక్కల_సీత

5-3 సిగ్గుచేటు, ఒప్పుకుంటున్నా. 9-6 కూడా. రాజు-10 మాత్రం 1,550 పెడుతుందంటే నమ్మను. దానికి ఎవరు కాల్ చేస్తారు? బిగ్ బ్లైండ్ రాజు-8, 7, 5, 3 లాంటివే. అవి సగంసార్లయినా నిలబడకపోతే రాజు-10 బెట్ దండగ. వాల్యూ బెట్‌కి గీటురాయి అదే కదా: బటన్ మీద చివరి వంతులో ఉన్నప్పుడు, కాల్ చేసే హ్యాండ్లలో సగానికి మించి మనకంటే కిందివి అయితేనే బెట్. మన హ్యాండ్ మొత్తం మీద ఎంత గొప్పదన్నది కాదు, కాల్ చేసేవాటిలో ఎంత గొప్పదన్నది.

#14 · సాల్వర్_శీను

అందుకే చెబుతున్నా, రివర్_రాజు అన్నలాంటి కాలర్ ఎదురుగా ఉంటే రాజు-10 తప్పకుండా పెట్టాలి 🙂 పారేసే మనిషి ఎదురుగా ఉంటే మీ మాటే నిజం, అప్పుడు 75కి దగ్గర. నిజాలు 75 అయితే 32 అబద్ధాలు కావాలి. తేడా పెద్దది కాదు. సగానికి కాస్త తక్కువ.

#15 · రివర్_రాజు

నన్ను వాడుకున్నారు, పర్లేదు. మరి కనీస డిఫెన్స్ మాటేంటి? ముప్పావు పాట్‌కి 57 శాతం నిలబడాలని ఎక్కడ చూసినా రాస్తారు. 2,070ని 3,620తో భాగిస్తే 57. రాజుల జత నా రేంజ్‌లో (నా చేతిలో ఉండగల హ్యాండ్లన్నిటిలో) పై 57 శాతంలో లేదా?

#16 · సాల్వర్_శీను

ఉంటుంది. కానీ ఆ 57 దేనికోసమో చూడు. అవతలివాడు ఏ రెండు ముక్కలతో బ్లఫ్ చేసినా లాభం రాకుండా కట్టే గోడ అది. గోడ మొత్తం రేంజ్‌కి, ఒక్క హ్యాండ్‌కి కాదు. అతను అసలు బ్లఫ్‌లే చేయని మనిషైతే గోడ కట్టడానికి నువ్వు పెట్టే ఖర్చు ఊరికే పోతుంది. ఎవరూ రాని దారిలో కాపలా లాంటిది.

ఫ్లాప్‌లో ఈ అంకె ఇంకా మోసం చేస్తుంది. 165కి ఎదురుగా 75 శాతం నిలబడాలని పట్టీ చెబుతుంది. ఫ్లాప్‌లో బ్లఫ్ అంటే పూర్తిగా చచ్చిన హ్యాండ్ కాదు, జాకీ-10కి ఇంకా రెండు ముక్కలు రావాలి. పైగా మొదటి వంతు మనది. అందుకని బిగ్ బ్లైండ్ అక్కడ పట్టీ చెప్పినదానికంటే కొంచెం ఎక్కువే పారేస్తాడు. రివర్‌లోనే ఆ లెక్క శుభ్రంగా పనిచేస్తుంది, అదీ ఎదుటివాడి అలవాటు ఏమీ తెలియనప్పుడు.

#17 · టేబుల్_టైగర్

అన్నలూ, ఇదంతా డబ్బులతో ఆడే మంచి యాప్ ఉంటే లింక్ ఇవ్వండి, హైదరాబాద్‌లో పనిచేసేది.

#18 · పచ్చబల్ల (నిర్వాహకుడు)

ఇక్కడ లింకులు ఇవ్వరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకి తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టం మార్చి అడ్డుకట్ట వేశాయి. 2025 ఆగస్టులో కేంద్రం తెచ్చిన చట్టంతో దేశమంతటా అదే పరిస్థితి. 1967 నాటి సుప్రీంకోర్టు రమ్మీ తీర్పు గురించి వాదించాలంటే వేరే దారం తెరవండి, ఇక్కడ వద్దు. ఈ చర్చ చింతపిక్కలతోనే నడుస్తుంది.

#19 · కొత్త_ముక్క

సీత గారి పట్టీ కాగితం మీద వేసుకున్నాను. ఒక అనుమానం. టర్న్‌లో అవతలివాడు 620 పెట్టకుండా చెక్ చేసి ఉంటే? అప్పుడు కూడా రివర్‌లో రాజు-7తో చెక్కేనా?

#20 · లెక్కల_సీత

కాదు! బాగా అడిగారు. ముక్కలవే, బల్ల అదే, నిర్ణయం తిరగబడుతుంది.

టర్న్‌లో చెక్ చేశాడంటే ఆసు-రాజు, సెట్లు, టూ పెయిర్లు చాలావరకు లేవన్నట్టే. మిగిలేవి కూన్ ఆటలో రాణుల్లాంటి మధ్యరకాలు. పాట్ 830. మనం 415 పెట్టామనుకోండి, ఎవరు కాల్ చేస్తారు?

మనకంటే కిందివి: ఆసు-9 12, రాణి-9 12, జాకీ-9 12, 10-9 12, రెండు పదులు, జాకీలు, రాణులు ఒక్కోటి 6 చొప్పున 18. మొత్తం 66. 9-8, 9-7 వేయలేదు.

మనకంటే పైవి: పాట్ పెంచకుండా ఆగిన రాజు-జాకీ 8, రాజు-10 8, రాజు-8 8, రివర్‌లో 2 తగిలిన రాజు-2 6, రెండు 2లు 3, ఒకే రంగు 9-2 2, ఈసారి మరచిపోకుండా 5-3 4. మొత్తం 39. రాజు-7తో సమానం 6, అవి అటూ ఇటూ కావు.

66కి 39. కాల్ వచ్చినవాటిలో నూటికి 63 మనవే. పైగా మనం చెక్ చేస్తే ఆ తొమ్మిదులన్నీ హాయిగా చెక్ చేసి ముక్కలు తిప్పేస్తాయి, ఒక్క చిప్ రాదు. మొదటి వంతులో వాల్యూ బెట్‌కి ఇది రెండో షరతు, చెక్ చేస్తే అతనే బెట్ చేస్తాడా అన్నది చూడాలి. తనంతట తానే పెట్టేవాడైతే చెక్ చేసి కాల్ చేయడం మేలు. పెట్టనివాడైతే మనమే అడగాలి.

#21 · బటన్_బాబాయ్

415 మీద అతను 1,500కి రైజ్ చేస్తే ఏం చేయాలో కూడా చెప్పమ్మా, అక్కడే కొత్తవాళ్ళు ఇల్లు తగలబెట్టుకుంటారు.

#22 · లెక్కల_సీత

ఇంకో 1,085 కట్టాలి. మొత్తం పాట్ 830 + 1,500 + 1,500 = 3,830. కావలసింది 28 శాతం. టర్న్‌లో చెక్ చేసి రివర్‌లో రైజ్ చేసేవాటిలో 5-3, రాజు-2, రెండు 2లు కనిపిస్తాయి, బ్లఫ్‌కి మారే తొమ్మిదులు అరుదు. నేనైతే పారేస్తా. 415 పెట్టినప్పుడే ఈ పారేయడం ఖర్చులో రాసుకోవాలి. అప్పటికే 415 వేశాం కదా అని ఇంకో 1,085 వేయడానికి కారణం దొరకదు, ఆ 415 ఇప్పుడు మనది కాదు, పాట్‌ది.

#23 · చింతపిక్కలు

సైజు గురించి ఒక్క మాట. 1,550 బదులు అతను 4,140 పెట్టి ఉంటే, అంటే పాట్‌కి రెండింతలు? పట్టీ ప్రకారం కాల్‌కి 40 శాతం. మూడు నిజాలకి రెండు అబద్ధాలు పెట్టుకునే హక్కు అతనికి వస్తుంది. 83లో రాజు-జాకీ, రాజు-10, రాజు-రాణి ఆ సైజుకి నిలబడవు, నిజాలు 59కి దిగుతాయి, ఆసు-రాజు కూడా పోతే 51. అబద్ధాలు 34 దాకా చెల్లుతాయి. మధ్యరకం హ్యాండ్‌కి ఊపిరాడనిది ఈ సైజే. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్ రివర్స్ క్యాసినోలో లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు ఆరితేరిన హెడ్స్-అప్ ఆటగాళ్ళతో 1,20,000 హ్యాండ్లు ఆడి గెలిచింది. పాట్‌ని మించిన బెట్లు దాని ఆటలో తరచూ కనిపించాయి. అప్పటిదాకా మనుషులు అంతగా వాడని సైజులు.

#24 · కొత్త_ముక్క

సగంసార్లు, మూడింట ఒకసారి అంటున్నారు. బల్ల దగ్గర మూడింట ఒకసారి ఎలా చేస్తారు? మనసు ఎప్పుడూ ఒకవైపే లాగుతుంది.

#25 · బటన్_బాబాయ్

మనసుని అడగకూడదు. గడియారంలో సెకన్ల ముల్లు చూడు. 0 నుంచి 19 మధ్య ఉంటే కాల్, మిగతా అంతా ఫోల్డ్, మూడింట ఒకసారి అయింది. గడియారం లేకపోతే చేతిలోని ముక్కల రంగు వాడుకో. ఉదాహరణకి పెద్ద ముక్క కళావరు అయితే బ్లఫ్, వేరే రంగైతే చెక్, నాలుగింట ఒకసారి. ముక్కలు తిప్పి చూడకముందే ఏ రంగుకి ఏమిటో తేల్చుకోవాలి, చూశాక కాదు. ఇదంతా రెండు దారులూ సమానంగా ఉన్నచోటే. ఒక దారి స్పష్టంగా మంచిదైతే ముల్లు జోలికి పోకు.

#26 · కళావరు_ఏడు

అందరికీ ధన్యవాదాలు. 43, 30 తేడా ఇప్పుడు అర్థమైంది. అంటే ఈ ఆసామి తప్పిన హ్యాండ్లలో సగం కంటే ఎక్కువ బ్లఫ్ చేస్తాడని చెప్పడానికి ఆధారం ఉంటే కాల్, లేకపోతే ఫోల్డ్. చివరిగా ఒకటి. నా చేతిలో 7 బదులు 3 ఉంటే ఇంకా బలహీనమైన హ్యాండ్ కాబట్టి ఫోల్డ్ ఇంకా తేలిక, అంతేనా?

#27 · సాల్వర్_శీను

తలకిందులు! అతను బెట్ చేసే నిజాల్లో దేన్నీ 7 కొట్టదు, 3 కూడా కొట్టదు. కిక్కర్ (జత పక్కనున్న రెండో ముక్క) పనికే రాదు ఇక్కడ. పనికొచ్చేది మన ముక్క అతని దగ్గర ఏది లేకుండా చేస్తోందన్నది. చేతిలో 7 ఉంటే 8-7, 7-5 తగ్గిపోయి తప్పినవి 72. కళావరు 3 ఉంటే ఆ రెండూ 16 చొప్పున, తప్పినవి 80. పైగా 5-3 ఒకటి తగ్గి నిజాలు 82. కావలసిన అబద్ధాలు ఇంచుమించు అవే 36. 72లో 36 అంటే సగం, 80లో 36 అంటే 45 శాతం. రాజు-5 అయితే 76లో 36, 47 శాతం. కాల్‌కి రాజు-3 అన్నిటికంటే మేలు, రాజు-7 అన్నిటికంటే కీడు.

#28 · రివర్_రాజు

మరి రాజు-జాకీ? అదీ రాణి-జాకీ, జాకీ-10 తగ్గిస్తుందిగా. అంటే అదీ చెడ్డ కాలేనా?

#29 · లెక్కల_సీత

కాదు, అక్కడ కిక్కర్ మళ్ళీ నోరు విప్పుతుంది. చేతిలో కళావరు జాకీ ఉంటే రాణి-జాకీ 12, జాకీ-10 12, రాణి-10 16, 8-7 16, 7-5 16: తప్పినవి మళ్ళీ 72. కానీ శీను గారి 83లో రాజు-10 ఎనిమిదింటినీ ఇప్పుడు మనం కొడతాం, మిగిలిన రాజు-జాకీ ఆరింటితో పాట్ చెరిసగం, మనల్ని కొట్టేవి 67. వేసి చూస్తే 72లో 19 బ్లఫ్‌లు చాలు, నూటికి 26. రాజు-10 బెట్ చేయదని నేను అన్నదే నిజమైతే ఇంకొన్ని కావాలి, నిజాలు 67, ఆ ఎనిమిది మాయం: 27.

#30 · సాల్వర్_శీను

27 సరిపోయింది, ఇప్పుడే వేశా. రాజు-10 సంగతి మాత్రం ఇంకా ఒప్పుకోను.